చలి నీళ్ళలో మొదటి నిమిషం

లాక్ నెస్ ఎపిసోడ్ తర్వాత ఎక్కువగా వచ్చిన ప్రశ్న ఒకటే: "మాకు ఈత బాగా వచ్చు, దిగొచ్చా అండీ?"

ఈత వస్తే చాలని బ్రిటన్‌లోనూ చాలాకాలం అనుకున్నారు. 1912లో టైటానిక్ మునిగినప్పుడు లైఫ్ జాకెట్లతో తేలుతూనే వందలమంది పోయారు. అయినా నీళ్ళలో మునిగి చనిపోయారనే అనుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పరిశోధన పెరిగింది గానీ, దృష్టంతా ఒళ్ళు మెల్లగా చల్లబడటం మీదే. 1977లో హోం ఆఫీస్ నివేదిక ఒకటి వచ్చింది. నదుల్లో, సరస్సుల్లో, సముద్రంలో పోయినవాళ్ళలో సగానికి పైగా ఒడ్డుకో, పట్టుకునే ఆధారానికో మూడు మీటర్ల లోపే పోయారు. మూడింట రెండొంతులమంది మంచి ఈతగాళ్ళట! మూడు మీటర్ల దూరంలో ఒళ్ళు గడ్డకట్టేంత సమయం ఎక్కడుంది?

ఫ్రాంక్ గోల్డెన్, మైక్ టిప్టన్ లాంటివాళ్ళ పరిశోధనతో జవాబు దొరికింది. ఒంటికి చన్నీళ్ళు తగలగానే ఊపిరి దానంతటదే ఎగబీలుస్తుంది, ఆపడం మన చేతిలో ఉండదు. అప్పుడు తల నీళ్ళలో ఉంటే లోపలికి పోయేది నీళ్ళే. గుండె మీదా భారం పడుతుంది. ఒకటి రెండు నిమిషాల్లో ఇది తగ్గుతుంది.

బెండ్లు కట్టుకుని ఊరి బావిలో నేర్చిన ఈత ఆ తర్వాతే పనికొస్తుంది. లాక్ నెస్ లోతు నీళ్ళు ఏడాది పొడవునా 5-6 డిగ్రీలే, జూలై ఎండ చూసి మోసపోవద్దు. దూకకండి, మెల్లగా నడిచి దిగండి. జారిపడితే వెల్లకిలా తేలండి, ఊపిరి కుదుటపడ్డాకే ఈదండి. ఒడ్డు వెంబడే, తోడుతోనే. బయటికొచ్చాక కూడా కాసేపు ఒళ్ళు చల్లబడుతూనే ఉంటుంది. ముందు తడిబట్టలు మార్చి స్వెటర్ వేసుకోండి, ఫొటోలు తర్వాత.