మూసీకి మన వాకిలి ఎంత దూరం?



చీరలకో, గాజులకో సుల్తాన్ బజారుకు వెళ్ళని గృహిణి మన జంట నగరాల్లో ఉండదేమో! ఆ బజారుకు మూసీ నది ఎంతో దూరం లేదన్న సంగతి మాత్రం మనలో చాలామందికి గుర్తుండదు.

రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ 1803 ప్రాంతంలో కట్టించడం మొదలుపెట్టిన కోఠీ భవనం మూసీ ఉత్తరపు ఒడ్డున వెలసింది. దాని చుట్టూ పెరిగిన రెసిడెన్సీ బజారే, 1933లో నిజాం ప్రభుత్వం చేతికి తిరిగి వచ్చాక, సుల్తాన్ బజారయింది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాదిమందిని పొట్టన పెట్టుకుంది. అప్పుడు పిలిపించిన విశ్వేశ్వరయ్యగారు రెండు పనులు చెప్పారు. ఒకటి, ఎగువన వరదను ఆపే జలాశయాలు. రెండు, ఊళ్ళో మురుగు పోయే కాలువలు. అలా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. వరద కోసం కట్టినవే మన బిందెలూ నింపాయి.

వాటిలోకి మురికి దిగకుండా 1996లో 111 నంబరు జీవో వచ్చింది. పది కిలోమీటర్ల లోపల కాలుష్యం చేసే పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు కూడదంది. 2000లో సుప్రీంకోర్టు ఒక నూనెల ఫ్యాక్టరీకి అక్కడ చోటు లేదని చెప్పింది. కీడెంచి మేలెంచమని మన పెద్దలన్నదే ఆ తీర్పులోని సారం. అయితే 2022లో ఆ ఆంక్షలు ఎత్తివేస్తూ మరో జీవో వెలువడింది. కాబట్టి కన్నేసి ఉంచవలసింది మనమే.

ఇక దిగువన సంగతి చూడండి. వాన పడగానే రోడ్డుమీది నూనె, చెత్త, పేడ అన్నీ నాలాల్లోంచి మూసీలోకి, హుస్సేన్ సాగర్‌లోకి దిగుతాయి. మురుగులోని సారం తిని గుర్రపుడెక్క ఏపుగా పెరుగుతుంది. అది కుళ్ళితే నీళ్ళలో ప్రాణవాయువు తగ్గి చేపలు చస్తాయి. దశాబ్దాలుగా ఊరి దిగువన ఈ నీటితోనే పశుగ్రాసం పెంచుతూ వచ్చారు. ఆ గడ్డి మేసిన గేదెల పాలు మళ్ళీ మన ఊళ్ళోకే! పారేశామనుకున్నది ఎక్కడికీ పోదన్నమాట.

అందుకని, మాడిన నూనె తూములో పొయ్యకండి. పాత కాగితంలో పీల్చి చెత్తబుట్టలో వెయ్యండి. వాకిలి ఊడ్చిన చెత్త వాన కాలువలోకి నెట్టకండి. సబ్బుపొడి చెంచా తగ్గించండి. ఎగువ చెరువుల్ని కాపాడడానికి జీవోలు కావాలి, నిజమే. మన తూముకు మాత్రం కాపలా మనమే కదా!