పెంకు మీద ఊరు: పెందుర్తి నుంచి ఒక పరిశీలన

తెలుగులో పగిలిన కుండ ముక్కా పెంకే, ఇంటి కప్పు మీద పరిచేదీ పెంకే, కోడిగుడ్డు పైపొరా పెంకే. మాట వినని పిల్లవాడిని పెంకివాడు అనడానికీ ఈ మాటకూ చుట్టరికం ఉందో లేదో నిఘంటుకారులు తేల్చవలసిందే గాని, కాలిన మట్టి స్వభావం మాత్రం అచ్చంగా అదే: అది పగులుతుంది తప్ప కరగదు, కుళ్ళదు, తుప్పు పట్టదు. ఇంత పాత మాట చేతిలో ఉండగా, గోడకు అంటించే మెరుగుపలకను మాత్రం తెలుగువారు పెంకు అనకుండా టైలు అనే అరువు మాటతోనే పిలుస్తున్నారు. పెందుర్తి వంటి ఊళ్ళలో గడచిన అర్ధశతాబ్దపు ఇళ్ళ చరిత్రను చూస్తే, కప్పు మీది పెంకు దిగిపోయి గోడ మీదికి టైలు ఎక్కడమే దానిలో ప్రధానమైన మార్పుగా కనిపిస్తుంది. ఆ మార్పులో ఊరు తన సంగతులు చెప్పుకోగల ఒక సాధనం చేతికి వచ్చిందనీ, దాన్ని ఊరు ఇంకా ఆ పనికి వాడుకోలేదనీ చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

విశాఖపట్నానికి ఉత్తరాన, సింహాచలం కొండల వరుసకు పడమటి అంచున ఉన్న పెందుర్తి, హౌరా-చెన్నై రైలు మార్గం మీద ఒక స్టేషను. దీనికి పొరుగున ఉన్న కొత్తవలస నుంచే బైలడిలా ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసిన కిరండూల్ మార్గం చీలుతుంది. 2005లో మహా విశాఖ నగరపాలక సంస్థ ఏర్పడిన తర్వాత పల్లె లక్షణాలు వదిలి నగరపు శివారుగా మారిన ఈ ఊరు, అప్పటి నుంచి అపార్టుమెంట్లతో, సందుకొకటిగా వెలిసిన టైల్స్ షోరూములతో పెరుగుతూ వచ్చింది.

ఈ ప్రాంతంలో కాల్చిన మట్టితో కట్టడం కొత్త సంగతి కాదు. భీమిలి దారిలో సముద్రానికి ఎదురుగా ఉన్న తొట్లకొండ బౌద్ధారామాన్ని 1976లో నౌకాదళం వారి వైమానిక సర్వే బయటపెట్టగా, రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి 1993 వరకు అక్కడ తవ్వకాలు జరిపింది. ఆ తవ్వకాలలో సాతవాహనుల నాణేలు, రోమను వెండి నాణేలు, గచ్చుతో చేసిన అలంకార ఖండాలతో పాటు కాల్చిన మట్టి పెంకులు కూడా దొరికాయి. చూడవచ్చినవారు నాణేల దగ్గర ఆగినంతసేపు పెంకుల దగ్గర ఆగకపోవడం సహజమే గాని, సముద్రపు ఉప్పుగాలికీ తుపానులకూ ఎదురుగా ఉన్న ఆ కొండ మీద దాదాపు 2000 ఏళ్ళ కిందటి పెంకు పెంకుగానే మిగలడం నాణెం మిగలడం కంటే చిన్న విషయమేమీ కాదు. అక్కడ వాడిన చెక్క, తాటాకు ఏమైపోయాయో ఎవరూ చూపలేరు.

ఆ తర్వాతి కాలంలో సామాన్యుల ఇళ్ళ మీద కనిపించేది గూనపెంకు. కుమ్మరి సారె మీద గొట్టంలా తీసి, పచ్చిగా ఉండగానే నిలువునా రెండుగా కోసి, ఆరబెట్టి, వాములో కాల్చి చేసే అర్ధవర్తులాకారపు పెంకు ఇది. ఏటా వానకాలానికి ముందు ఇల్లు నేయించుకోవలసి రావడం, అంటే పగిలినవి తీసి పెంకులు మళ్ళీ సర్దించుకోవలసి రావడం, దీనితో ఉన్న చిక్కు. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ వారు యంత్రంతో అచ్చు ఒత్తి చేసే పలక పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన తర్వాత, ఒకదాని గాడిలో ఒకటి ఇరుక్కుని కదలకుండా కూర్చునే ఆ కొత్త రకం పెంకు రైళ్ళ మీదా ఓడల మీదా దేశమంతా పాకింది. రాజమండ్రి ప్రాంతంలోనూ అటువంటి ఫ్యాక్టరీలు వెలిశాయి. మంగుళూరులో పుట్టిన ఈ పెంకును తెలుగువారు బెంగుళూరు పెంకు అని పిలవడం భౌగోళికంగా పొరపాటే అయినా, వాడుకలో ఆ పేరే స్థిరపడింది. దీనికి గూనపెంకుకు లేని ఒక గుణం ఉంది. అడుగు వైపున తయారుచేసిన ఫ్యాక్టరీ పేరు, ఊరి పేరు, ఒక్కొక్కప్పుడు సంవత్సరం కూడా అచ్చొత్తి ఉంటాయి. అంటే ఇంటి కప్పు చదవగల పత్రం అయింది, కాకపోతే ఆ రాత అటకెక్కి చూసినవారికి తప్ప కనిపించదు.

గోడ మీది టైలుకు ఉన్న మెరుగు వేరే విద్య. ఇసుకలో ఉండే సిలికాను సోడా గాని సీసపు భస్మం గాని కలిపి మెత్తగా నూరి, కాలిన మట్టిపలక మీద పూసి మళ్ళీ కొలిమిలో పెడితే అది కరిగి గాజుపొరగా పరుచుకుంటుంది. ఆ పూతలో కోబాల్టు కలిస్తే ముదురు నీలం, రాగి కలిస్తే ఆకుపచ్చ లేదా సముద్రపు నీలం, తగరం కలిస్తే పాలతెలుపు వస్తాయి. రంగు ఇక్కడ పైన పూసినది కాక గాజులో కలిసిపోయినది కనుక, ఎండకు వెలిసిపోవడం, వానకు జారిపోవడం ఉండవు. ఇరాను వాళ్ళు ఈ పనిని కాశాన్ పట్టణం పేరు మీదుగా కాశీ అన్నారు. మన వారణాసికి దీనితో సంబంధం లేదు. వేర్వేరు రంగుల పలకలను కాల్చి, వాటిని గీసిన గీతకు సరిగ్గా కోసి, ముక్కకు ముక్క అతికి బొమ్మ కట్టడం దానిలో అన్నింటికంటే కష్టమైన పద్ధతి.

తెలుగు నేల మీద ఆ పద్ధతికి అత్యుత్తమ నిదర్శనం మూసీ ఒడ్డున ఉన్న హైదరాబాదులోని బాద్షాహీ ఆశూర్‌ఖానా. 1591లో చార్మినారుతో నగరానికి పునాది వేసిన మహమ్మద్ కులీ కుతుబ్ షా ఆ దశకంలోనే కట్టించిన ఈ మందిరం, తెలుగు పల్లెల్లో పీర్ల చావిడి అనే దానికి రాచరూపం. మొహర్రం నెలలో పీర్లను, అంటే కర్బలా అమరులకు గుర్తుగా నిలిపే లోహపు ధ్వజాలను, ఇక్కడ ప్రతిష్ఠిస్తారు. లోపలి గోడల నిండా ఆ ధ్వజాల ఆకారాలే పెద్ద పెద్ద టైలు బొమ్మలుగా, షట్కోణాల అల్లికల మధ్య, పూలతీగల మధ్య నిలబడి ఉంటాయి. పనితనం ఇరానుది అయినా, నీలాల పక్కన ధారాళంగా వాడిన ముదురు పసుపు, గోధుమ వన్నెలు అక్కడి గోడల మీద అంతగా కనిపించేవి కావు. పసుపు కుంకుమల దేశంలో కూర్చుని పనిచేసినవాడి కంటికి ఆ రంగులు ఆనడం ఊహించదగినదే, అయితే దానికి లిఖిత ఆధారం వెదకడం వృథా.

ఈ గోడ పడిన పాట్లు దాని అందం కంటే ఎక్కువ పాఠం చెబుతాయి. 1687లో ఔరంగజేబు గోల్కొండను జయించిన తర్వాత మందిరం ఆదరణ కోల్పోయి బండ్లు నిలిపే చోటుగా మారింది. నిజాం అలీ ఖాన్ కాలంలో తిరిగి పాత గౌరవం దక్కి, ముందు భాగాన ఎత్తైన చెక్క స్తంభాల సావడి చేరింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు వరద నీరు లోపలికి చేరి కింది వరుసల టైళ్ళు కొంత మేర ఊడిపోగా, ఆ ఖాళీలను కొత్త టైళ్ళతో కాక అదే బొమ్మను అనుకరిస్తూ వేసిన రంగులతో పూరించారు. ఒకే గోడ మీద 400 ఏళ్ళు దాటిన గాజుమెరుగు, దానికంటే 300 ఏళ్ళు చిన్నదైన రంగుపూత పక్కపక్కన నిలిచి ఉన్నాయి. ఏది వెలిసిందో చెప్పడానికి నిపుణుడు అక్కరలేదు.

రాజమందిరానికి వాడిన ఈ విద్యను కాలినడకన పోయే జనం కోసం వాడిన ఊరు మరొకటి ఉంది. దక్షిణ రష్యాలో దోన్ నది ఒడ్డున, 1749లో ఒక సుంకపు ఠాణాగా మొదలైన రస్తోవ్ నగరంలో, ప్రధాన వీధి బల్షాయా సదోవయాను దాటడానికి రోడ్డు కింద తవ్విన నడకదారుల గోడలను 1970, 80 దశకాలలో టైలు చిత్రాలతో నింపారు. ఆ పనిలో ముఖ్యంగా వినిపించే పేరు చిత్రకారుడు యూరీ లాబింత్సెవ్. వాడిన సరుకు రాచకొలిమిలో కాల్చినది కాదు. స్నానాల గదులకూ వంటగదులకూ వాడే మామూలు పలకలే. వాటిని ముక్కలుగా కోసి అంతర్యుద్ధపు అశ్వికదళాన్నీ, రెండవ ప్రపంచయుద్ధాన్నీ, దోన్ కొసాక్కుల జీవితాన్నీ, శాంతికాలపు కుటుంబాలనూ బొమ్మ కట్టారు. జర్మను సైన్యం 1941 నవంబరులో ఒకసారి, 1942 జూలై నుంచి 1943 ఫిబ్రవరి దాకా మరోసారి ఆక్రమించిన నగరం అది. ఆ అనుభవాన్ని మ్యూజియంలో దాచుకోవడంతో ఆగక, రోజూ బస్సుకోసం పరుగెత్తే మనిషి భుజం రాసుకునే గోడ మీద నిలిపింది. ప్రభుత్వ సిద్ధాంతానికి తగినట్టు మలచిన దృశ్యాలు వాటిలో ఉన్నమాట నిజమే. అయినా ఆ సోవియట్ ప్రభుత్వం పోయి, వీధి పేరు మారి, సిద్ధాంతం వెలిసినా పలకల రంగు వెలవలేదు.

ఆ సోవియట్ దేశంతో విశాఖకు నేరుగా సంబంధం ఉంది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఉక్కు కర్మాగారానికి 1979లో సోవియట్ యూనియన్‌తో సహకార ఒప్పందం కుదిరి, అక్కడి నిపుణులు ఇక్కడికి వచ్చి పనిచేశారు. రస్తోవ్ గోడల మీద టైళ్ళు అతుకుతున్న ఏళ్ళలోనే ఇక్కడ కర్మాగారం లేచింది. కొలిమి విద్య వచ్చింది, గోడ విద్య రాలేదు. ఉక్కు కొలుములకు గోదావరి, కృష్ణ అని నదుల పేర్లు పెట్టుకున్న భావుకత మాత్రం మనదే.

ప్రస్తుతం పెందుర్తి ఇళ్ళ ముందు కనిపించే బొమ్మల టైళ్ళు ఎక్కువగా గుజరాత్‌లోని మోర్బీ వంటి చోట్ల యంత్రం మీద ముద్రించినవి. గుమ్మం మీద వేంకటేశ్వరుడు, లక్ష్మి, వినాయకుడు ఉంటారు; ప్రహరీ గోడకు మాత్రం, దారినపోయేవాళ్ళు అక్కడ నిలబడి మూత్రం పోయకుండా ఆపడానికి, దేవుళ్ళ టైళ్ళు అంటిస్తారు. దేశమంతటికీ ఒకే నమూనాలో అచ్చయ్యే ఈ పలకల మీద పక్కనున్న సింహాచలం కొండ గాని, వైశాఖంలో చందనం ఒలిచిన ఆ కొండ మీది అప్పన్న స్వామి నిజరూపం కోసం బారులు తీరే జనం గాని, ఆషాఢ పౌర్ణమికి 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేసే కాళ్ళు గాని, ఖనిజం మోసే పొడవాటి గూడ్సు బండి గాని కనిపించాలని ఆశించడం అన్యాయం. అవి ఈ ఊళ్ళో తయారు కావలసినవి.

తయారుచేయగల చేయి ఊళ్ళో లేదనడానికి వీలులేదు. డాబా వేడి తగ్గడానికి తెల్ల టైలు ముక్కలను పగలగొట్టి, సిమెంటులో ఒత్తి, సందులు పూడ్చే చైనా మొజాయిక్ పనిని టైల్స్ మేస్త్రులు ఏటా వేసవికి ముందు చేస్తూనే ఉన్నారు. చండీగఢ్‌లో నేక్‌చంద్ పారేసిన ముక్కలతోనే 1976లో ప్రజలకు తెరిచిన రాక్ గార్డెన్‌ను అలంకరించాడు. మేస్త్రికి లేనిది నైపుణ్యం కాదు, గీత గీసి ఇచ్చే చిత్రకారుడూ, ఒక గోడ చూపించి పని ఒప్పజెప్పే పురపాలకులూ. ముఖ్యమైన వేడుకలకు ముందు నగరంలోని వంతెనల కిందా ప్రహరీల మీదా రంగుల బొమ్మలు వేయించడం, రెండు మూడు వానకాలాలకు అవి పెచ్చులూడడం, మళ్ళీ కొత్తవి వేయించడం ఆనవాయితీ అయింది. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊరు ఒకే గోడకు ఇన్నిసార్లు రంగు వేయించుకోవడం పొదుపూ కాదు, కళా కాదు.

ఈలోగా చేయదగిన చిన్న పని ఒకటి ఉంది. పెందుర్తిలోనూ చుట్టుపక్కల వేపగుంట, చీమలాపల్లి, పురుషోత్తపురం వంటి పాత ఊళ్ళలోనూ మిగిలిన పెంకుటిళ్ళు ఒక్కొక్కటే అపార్టుమెంట్లకు చోటు ఇస్తున్నాయి. ఇల్లు విప్పించే గృహస్థులు పెంకులను ట్రాక్టరుకెక్కించే ముందు ఒక్కదాన్ని తిరగేసి, అడుగున ఉన్న ఫ్యాక్టరీ పేరు, ఊరి పేరు, సంవత్సరం ఉంటే అదీ రాసిపెట్టి, ఆ ఒక్క పెంకును గ్రంథాలయానికో బడికో ఇవ్వవలసిందిగా మనవి.