ఆకాశవాణి వాద్యబృందం – మన బడి నేర్వాల్సిన పాఠం

1983లో నేను మన బడిలో తొమ్మిదో తరగతి. జనవరి 26 వేడుక కోసం నలుగురం ఒక జట్టు కట్టాం. ఒకరిది హార్మోనియం, ఒకరిది వేణువు, ఒకరిది బుల్‌బుల్, నాది డోలక్. దేశభక్తి పాట నలుగురికీ కంఠతా వచ్చు. తీరా వేదిక ఎక్కాక ఎవరి పాట వాళ్లదే అయింది. వేణువు శ్రుతి ఒకటి, హార్మోనియం శ్రుతి మరొకటి. కంగారులో నేను వేగం పెంచేశాను. మిగతా ముగ్గురూ నన్ను అందుకోలేక మధ్యలోనే ఆపేశారు. బడంతా నవ్వింది.

మా లెక్కల సారు మాత్రం నవ్వలేదు. "రేడియోల వాద్యబృందం వినుండ్రిరా. అంతమంది ఒక్కతీరుగ ఎట్ల వాయిస్తున్నరో సమజైతది" అన్నారు. ఆ మాట పట్టుకొని మొదలైన ఆసక్తి ఇంజనీరునయ్యాక కూడా నన్ను వదల్లేదు.

యూరప్‌లో రాజుల, జమీందారుల భవనాల్లో ఒక గదిలో ఇమిడేంత మందితో వాయించే బృందాలు ఉండేవి. హేడెన్ 1761లో ఎస్తర్‌హాజీ వంశం కొలువులో చేరి, అలాంటి బృందాన్నే ఏళ్ల తరబడి నడిపాడు. గదికి సరిపడే బృందం కాబట్టే దానికి ఛాంబర్ ఆర్కెస్ట్రా అని పేరు. మన దేశంలో దానికి దగ్గరగా వచ్చే ప్రయత్నం ఆకాశవాణిది. 1952లో ఢిల్లీలో జాతీయ వాద్యబృందం ఏర్పడింది. హిందుస్తానీ పద్ధతికి పండిత్ రవిశంకర్, కర్ణాటక పద్ధతికి వాయులీన విద్వాంసుడు టి.కె. జయరామ అయ్యర్ సారథులు. తరువాతి కాలంలో వేణువు దిగ్గజం పన్నాలాల్ ఘోష్, సినీ సంగీత దర్శకుడు అనిల్ బిశ్వాస్ కూడా ఆ బాధ్యత మోశారు.

మన సంగీతంలో బృందం నడపడం తేలిక కాదు. మన విద్వాంసుడు ఒంటరి బాటసారి. రాగం చేతికి చిక్కితే ఎటు పోవాలో అతని మనసుకే తెలుసు. పదిహేను మంది ఒకేసారి అలా బయలుదేరితే మా జనవరి 26 కచేరీయే అవుతుంది. అందుకని రచనను ముందే స్వరాలతో రాసుకోవాలి. గమకం ఎక్కడ ఊగాలో, ఎక్కడ ఆగాలో అందరూ ఒక్కటిగా సాధన చేయాలి. పాశ్చాత్యుల హార్మొనీని అలాగే తెచ్చిపెడితే రాగం చెడిపోతుంది. కాబట్టి ఒకే రాగాన్ని వేర్వేరు స్థాయిల్లో పంచుకోవడం, ఒక వాద్యం అడిగితే ఇంకోటి బదులివ్వడం, కొన్ని వాద్యాలు ఆధార స్వరం మీదే నిలబడడం వంటి దారులు వెతుక్కున్నారు.

శ్రుతి సంగతి ఇంజనీరుగా నాకు మరింత ఇష్టం. షడ్జమం 240 హెర్ట్జ్ అనుకుంటే, చెవికి హాయిగా కలిసే అంతర గాంధారం 300 దగ్గర ఉంటుంది. పన్నెండు సమభాగాలుగా శ్రుతి చేసిన హార్మోనియంలో అది 302.4 అవుతుంది. ఈ రెండూ కలిసి మోగితే సెకనుకు రెండు మూడు సార్లు అలలా ఊగుతుంది. పైగా మెట్టు నొక్కితే వచ్చే స్వరం గమకం పలకదు. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని పక్కన పెట్టడానికి చెప్పిన కారణాల్లో ఇవీ ఉన్నాయి. ఆ నిషేధం చాలా ఏళ్లు సాగింది. మా వేదిక మీది గోలకు అసలు పేరు ఇదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఈ బృందం కథలో మన తెలుగువాడూ ఉన్నాడు. 1922లో ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి తండ్రి అచ్యుతరామశాస్త్రి దగ్గర వీణ నేర్చుకున్నారు. మద్రాసు జెమిని స్టూడియోలో పనిచేసి, ఆ తర్వాత ఆకాశవాణిలో చేరి, ఢిల్లీలో వాద్యబృందానికి సారథ్యం వహించారు. 'ఆదర్శ శిఖరారోహణం' అని ఎవరెస్టు విజయం మీద ఆయన వాద్యరచన చేశారు. మాట సాయం లేకుండా వాద్యాలతోనే కొండ ఎక్కించడం ఎంత పెద్ద సాహసం! 1987లో ఆయన కన్నుమూశారు.

మన జిల్లాలోనూ బృందవాద్యం ఉంది. గోండుల కథలు పాడే ప్రధానుల చేతుల్లో కిక్రి, పెప్రె, డోలు మూడూ కలిసి పలుకుతాయి. తీగ, గాలి, చర్మం ఒక్కచోట చేరిన ఆ కూర్పుకు రాత లేదు. తరాల సాధనే దానికి స్వరలిపి. ఇల్లు పక్కనే ఉన్న ఈ సంపదను బడిలో మేం ఒక్కరోజూ విననే లేదు.

బడి చదువులో ప్రతి పరీక్ష ఒంటరిగానే రాశాం. పక్కవాడి పేపర్లోకి చూస్తే తప్పు. కానీ ఉద్యోగంలో చేరాక ఏ పనీ ఒంటరిగా చేయలేదు. పక్కవాడి పని చూడకపోతేనే తప్పయింది. వాద్యబృందంలోనూ అంతే. తన వాద్యం కన్నా పక్కవాడి వాద్యాన్ని ఎక్కువ వినేవాడే అక్కడ నిలుస్తాడు.

మన సంఘం బడికి బెంచీలు, కంప్యూటర్లు ఇచ్చింది, సంతోషం. ఈ స్వర్ణోత్సవం గుర్తుగా రెండు వయొలిన్లు, నాలుగు వేణువులు, తబలా జత, శ్రుతి పెట్టె కొనిద్దాం. శనివారం ఒక గంట నేర్పడానికి ఒక గురువును, అప్పుడప్పుడు కిక్రి కళాకారులను పిలిపిద్దాం. వాళ్ల గౌరవ వేతనంలో మొదటి ఏడాదిది నేను భరిస్తాను.

మా నలుగురిలో వేణువు వాయించిన మిత్రుడు ఇప్పుడు లేడు. మిగిలిన ముగ్గురం ఉత్సవం రోజు ఆ పాటను చివరిదాకా వాయించాలని అనుకున్నాం. డోలక్ నేనే తెస్తాను. ఈసారి వేగం పెంచను.