నిండింది... ఇక చాలు!

పెన్సిల్ సెల్ ఛార్జర్ వెనుక నూట అరవై ఏళ్ల కథ

1881 మే నెలలో పారిస్ నుంచి గ్లాస్గోకు ఒక పెట్టె బయల్దేరింది. అందుకోవాల్సిన వ్యక్తి విలియం థామ్సన్. తర్వాతి రోజుల్లో లార్డ్ కెల్విన్‌గా లోకమంతటికీ తెలిసిన భౌతిక శాస్త్రవేత్త ఆయనే. పెట్టెలో ఉన్నవి ఫ్రెంచి ఇంజినీరు కమీయ్ ఫోర్ తయారుచేసిన సీసం బ్యాటరీలు. వాటిని పారిస్‌లోనే నిండా ఛార్జి చేసి పంపారు. 72 గంటలు ప్రయాణం చేసి గ్లాస్గో చేరాక చూస్తే కరెంటు పెట్టెలో భద్రంగానే ఉంది. పది లక్షల ఫుట్‌పౌండ్ల శక్తి ఒక పెట్టెలో ఊళ్లు దాటి వచ్చిందన్న వార్త అప్పట్లో పత్రికలకెక్కింది.

మన కరెంటు బిల్లు లెక్కలో అది మూడో వంతు యూనిట్ కంటే కాస్త ఎక్కువ. ఇవాళ మనం బొమ్మ కార్లలో, బీపీ మెషీన్లలో వేసుకునే 2000 మిల్లీయాంప్‌ అవర్ల పెన్సిల్ సెల్స్ సుమారు 160 పోగేస్తే అంత శక్తీ వచ్చేస్తుంది. వాటి బరువంతా కలిపి నాలుగు కిలోల పైచిలుకు.

అంటే కరెంటును దాచిపెట్టడం మనిషికి ఏనాడో చేతనైంది. దాచేటప్పుడు ఎక్కడ ఆపాలన్నది తేలడానికే మరో వందేళ్లు పట్టింది. ఛార్జర్ చరిత్ర అంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. కొట్లో వరసగా వేలాడే ఛార్జర్లలో ఏది మంచిదో తేల్చేదీ ఆ ప్రశ్నే.

బుడగలు చూసి చెప్పే రోజులు

మళ్లీ మళ్లీ ఛార్జి చేసుకోగల బ్యాటరీని 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే తయారుచేశాడు. రెండు సీసపు రేకుల మధ్య గుడ్డ పేలిక పెట్టి చాపలా చుట్టి, సజల గంధకామ్లంలో ముంచాడు. మరుసటి ఏడాది అలాంటివి తొమ్మిదింటిని కలిపి ఫ్రెంచి సైన్స్ అకాడమీ ముందు పెట్టాడు. అయితే దాన్ని ఛార్జి చేయడానికి ఆయనకు దొరికినవి ఒకసారి వాడి పారేసే మామూలు రసాయన ఘటాలే! డైనమోలు ఇంకా అక్కరకొచ్చే స్థితిలో లేవు. ఒక బ్యాటరీని నింపడానికి ఇంకో బ్యాటరీని ఖాళీ చేయాల్సి వచ్చేది. 1870ల్లో గ్రామ్ డైనమో వచ్చాక గానీ ప్లాంటే కనిపెట్టినదానికి విలువ రాలేదు.

ఆ తర్వాత ఇంకో చిక్కు వచ్చిపడింది. ఊళ్లకు ఏసీ కరెంటు వచ్చింది. బ్యాటరీ డీసీ తప్ప ముట్టదు. 1902లో పీటర్ కూపర్ హ్యూయిట్ కనిపెట్టిన పాదరసపు రెక్టిఫయర్ ఏసీని డీసీగా మార్చింది. అమెరికాలో ఆనాటి ఎలక్ట్రిక్ కార్లున్న ఇళ్లలో, గాజు బుడ్డిలో నీలి కాంతితో వెలుగుతూ కార్లను ఛార్జి చేసింది ఈ పరికరమే. ఇప్పుడు ఆ పని వేలిగోరంత డయోడ్ చేసేస్తోంది.

నిండిందని తెలిసేదెలా? ఆ రోజుల్లో కళ్లతో చూసే తెలుసుకునేవాళ్లు. మన పట్టణాల్లో ట్రాక్టర్, మైక్‌సెట్ బ్యాటరీలు ఛార్జి చేసే షాపులు ఈ పద్ధతిలోనే నడిచాయి. బల్ల మీద బ్యాటరీలను వరసగా పెట్టి మూతలు తీసేవారు. రాత్రంతా ఛార్జింగు పెట్టి తెల్లారి చూస్తే లోపల బుసబుసా బుడగలు వచ్చేవి. నింపాల్సినంత నిండాక, కరెంటు ఇక నీళ్లను విడగొట్టే పనిలో పడిందని ఆ బుడగలకు అర్థం. మెకానిక్ రబ్బరు బుడ్డి ఉన్న గాజు గొట్టంతో యాసిడ్ పీల్చి గ్రావిటీ చూసేవాడు. లోపలి తేలుడు గొట్టం 1.28 దగ్గర నిలబడితే ఫుల్. తగ్గిన నీళ్లకు బదులు డిస్టిల్డ్ వాటర్ పోసి మూత బిగించేవాడు. కాస్త ఎక్కువసేపు ఛార్జి అయినా తరిగేది నీళ్లే కాబట్టి తప్పును దిద్దుకునే వీలుండేది.

మూత పడింది, చూపు పోయింది

1899లో స్వీడన్‌లో వాల్డెమార్ యుంగ్నర్ సీసం బదులు నికెల్, కాడ్మియం వాడి కొత్త బ్యాటరీ చేశాడు. యాసిడ్ స్థానంలో క్షారం వచ్చింది. గట్టిగా మన్నేది, చలికి తట్టుకునేది. అయినా దానికీ మూతలు, బుడగలు తప్పలేదు. ఒలికే ద్రవమున్న వస్తువు జేబు టార్చిలోకి ఎలా వస్తుంది?

ఆ ముడి విప్పినవాడు జర్మనీకి చెందిన గియోర్గ్ నాయ్‌మన్. రికార్డింగ్ స్టూడియోల్లో నేటికీ వాడే నాయ్‌మన్ మైకుల కంపెనీ పెట్టినవాడే. ఆయన 1947లో పూర్తిగా మూసేసిన నికెల్ కాడ్మియం సెల్ సాధించాడు. కిటుకు ఇది: నెగెటివ్ పలకను పాజిటివ్ పలక కన్నా కాస్త పెద్దది పెట్టాలి. అప్పుడు పాజిటివ్ వైపు ముందే నిండుతుంది. ఆపైన వచ్చే కరెంటు అక్కడ ఆక్సిజన్ పుట్టిస్తుంది. ఆ వాయువు బయటికి పోకుండా మధ్యనున్న పొర దాటి నెగెటివ్ పలక చేరి, తిరిగి కలిసిపోతుంది. నీళ్లు తరగవు, పోయాల్సిన పనీ లేదు. 1960ల మొదట్లో తీగ లేని గడ్డం గీసే మిషన్లు, డ్రిల్లింగ్ మిషన్లు బజారులోకి రావడానికి ఈ సెల్సే దారి వేశాయి. పెద్ద సైజు నికెల్ కాడ్మియం బ్యాటరీలు విమానాల్లోకీ ఎక్కాయి. 1977లో మొదలైన హైదరాబాద్ బ్యాటరీస్ లిమిటెడ్, అంటే ఇప్పటి హెచ్‌బీఎల్, తొలినాళ్లలో పట్టుకున్నది ఆ విమాన బ్యాటరీలనే.

మూత పడటంతో సౌకర్యం వచ్చింది గానీ బుడగలు చూసే వీలు పోయింది. నిండిన తర్వాత లోపలికి వెళ్లే ప్రతి చుక్క కరెంటూ వేడిగా మారుతుంది. మెల్లగా పంపితే ఆ వేడి చల్లారిపోతుంది. జోరుగా పంపితే సెల్ కాలి, లోపలి ఒత్తిడికి సన్నని రంధ్రం తెరుచుకుని క్షారం చిమ్ముతుంది. సెల్ కొన మీద తెల్లగా పేరుకునే పొడి అదే.

పద్నాలుగు గంటల లెక్క

చూసే వీలు లేనప్పుడు పాతకాలం ఇంజినీర్లు గడియారాన్ని నమ్ముకున్నారు. సెల్ సామర్థ్యంలో పదో వంతు కరెంటు, 14 నుంచి 16 గంటలు. 600 మిల్లీయాంప్‌ అవర్ల సెల్ అయితే 60 మిల్లీయాంప్‌లు. ఇంత మెల్లగా పంపితే రెండు గంటలు అటూ ఇటూ అయినా సెల్‌కు పెద్ద హాని లేదు. అందుకే ఆ ఛార్జర్లలో ఒక ట్రాన్స్‌ఫార్మర్, ఒక డయోడ్, ఒక రెసిస్టర్ తప్ప ఏమీ ఉండేవి కావు. వెలిగే ఎర్ర లైటుకు కరెంటు పోతోందని మాత్రమే అర్థం. సెల్ నిండినా అది అలాగే వెలుగుతూ ఉంటుంది.

ఈ రకం ఛార్జర్లు ఇప్పటికీ చౌకగా దొరుకుతూనే ఉన్నాయి. కానీ సెల్స్ మారిపోయాయి. 60 మిల్లీయాంప్‌ల ఛార్జర్‌లో నేటి 2000 సెల్ పెడితే నిండటానికి రెండు పగళ్లు, రెండు రాత్రులు కావాలి. రాత్రి పెట్టి పొద్దున్నే తీసేసేవాళ్లు సగం కూడా నిండని సెల్స్ వాడుతూ, రీఛార్జబుల్ సెల్స్ పనికిరావని తీర్మానించేస్తుంటారు.

నాలుగైదు మిల్లీవోల్టుల సైగ

తొందరగా నింపాలి, సమయానికి ఆపాలి. రెండూ కుదిరేదెలా? జవాబు సెల్‌లోనే ఉంది. ఛార్జి అవుతున్నంతసేపూ సెల్ వోల్టేజీ మెల్లగా పెరుగుతుంది. నిండగానే లోపల వేడి మొదలవుతుంది. వేడెక్కితే వోల్టేజీ తగ్గుతుంది. కాబట్టి ఎక్కుతూ వచ్చిన వోల్టేజీ ఒక్కసారి తల వంచితే నిండిందని లెక్క. నికెల్ కాడ్మియం సెల్‌లో ఈ వంపు 10 నుంచి 20 మిల్లీవోల్టులు ఉంటుంది. చవక చిప్ కూడా పట్టేయగలదు.

ఇంతలో కాడ్మియం మీద వ్యతిరేకత పెరిగింది. జపాన్‌లోని తొయామా ప్రాంతంలో గనుల నుంచి జింజూ నదిలోకి చేరిన కాడ్మియం వరి పొలాల్లోకి పాకి, జనం ఎముకలను పిండి చేసింది. నొప్పికి తాళలేక పెట్టే కేకలే పేరుగా దాన్ని ‘ఇతాయి ఇతాయి’ జబ్బు అన్నారు. 1980ల చివర కాడ్మియం బదులు హైడ్రోజన్‌ను పట్టి ఉంచే లోహ మిశ్రమంతో నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ బజారులోకొచ్చాయి. అమెరికన్ శాస్త్రవేత్త స్టాన్‌ఫర్డ్ ఒవ్‌షిన్‌స్కీ సంస్థ ఈ మిశ్రమాల మీద చేసిన కృషి పెద్దది. 2006లో ఐరోపా సమాఖ్య ఇంట్లో వాడే బ్యాటరీల్లో కాడ్మియంకు దాదాపు తలుపులు మూసేసింది.

కొత్త సెల్స్‌లో సామర్థ్యం రెట్టింపు పైనే. అయితే నిండినప్పుడు వోల్టేజీ వంపు 5 మిల్లీవోల్టులకు మించదు. కరెంటు మరీ తక్కువైతే అసలు కనిపించదు. నికెల్ కాడ్మియం కోసం చేసిన పాత ఫాస్ట్ ఛార్జర్‌లో కొత్త సెల్స్ పెడితే కాలిపోవడానికి కారణం ఇదే. ఛార్జర్ ఆ సైగ కోసం చూస్తూనే ఉంటుంది, అది దానికి అందదు.

ఈ సెల్స్‌కు మరో జబ్బు కూడా ఉండేది. వాడకుండా డబ్బాలో ఉంచినా నెలలో పావు వంతు దాకా కారిపోయేవి. 2005లో జపాన్ కంపెనీ సాన్యో తెచ్చిన ఎనెలూప్ దాన్ని చాలావరకు కుదిర్చింది. ఏడాది తర్వాతా 85 శాతం ఛార్జి నిలుస్తుందని కంపెనీ ప్రకటించింది. ఇప్పుడు చాలా బ్రాండ్లలో ఈ రకం దొరుకుతోంది.

పూర్తిగా ఖాళీ చేశాకే ఛార్జి పెట్టాలన్న పాత సలహా ఉపగ్రహాల నుంచి దిగివచ్చింది. కక్ష్యలో రోజూ అంతే వాడుతూ అంతే నింపుతున్న నికెల్ కాడ్మియం బ్యాటరీలు అంతకు మించి ఇవ్వడం మానేశాయని 1960ల్లో గమనించారు. దాన్నే ‘మెమరీ ఎఫెక్ట్’ అన్నారు. ఇంట్లో వాడకం అంత గడియారం పట్టినట్టు సాగదు. పైగా రెండు సెల్స్ పరికరాన్ని ఆఖరి చుక్కదాకా పిండితే నీరసమైన సెల్‌లోకి కరెంటు ఎదురు తిరిగి, ఉన్న ప్రాణం కూడా పోతుంది.

కొట్లో ఏమి చూడాలి?

మొదట చూడాల్సింది, ఒక్కో సెల్‌ను విడిగా కనిపెట్టుకునే ఛార్జరా, జంటగా నింపేదా అన్నది. జంట ఛార్జర్ రెండింటి వోల్టేజీ కలిపి చూస్తుంది. అన్నదమ్ములిద్దరికీ ఒకే కొలతకు చొక్కాలు కుట్టించినట్టు, ఒకటి ముందే నిండి కాగుతుంటుంది, రెండోది సగంలోనే ఆగుతుంది. ఒక్క సెల్‌ను, మూడు సెల్స్‌ను అందులో పెట్టడమే కుదరదు. గుంటకొక లైటు ఉంటే విడివిడిగా చూసుకుంటోందని సాధారణంగా అనుకోవచ్చు. అయినా ప్యాకెట్ మీద ఆ మాట రాసి ఉందో లేదో చదవండి.

రెండోది కరెంటు. అట్ట వెనుక సన్నని అక్షరాల్లో ఒక్కో గుంటకు ఎన్ని మిల్లీయాంప్‌లో రాసి ఉంటుంది. 2000 సెల్‌కు 500 నుంచి 1000 మధ్య ఉంటే ఇంటికి సరిపోతుంది. నాలుగైదు గంటల్లోనో, అంతకన్నా ముందో నిండుతుంది, సైగా తప్పిపోదు. సన్న పెన్సిల్ సెల్స్‌కు అందులో సగం చాలు. పావుగంటలో నింపుతానని చెప్పేవి వేగం కోసం సెల్ ఆయుష్షును ఖర్చుపెడతాయి.

మూడోది వేడి. సెల్ మరీ వేడెక్కితే కరెంటు కట్ చేసే ఏర్పాటు, సైగ తప్పిపోయినా ఇంతసేపటికి ఆపేసే టైమర్, రెండూ ఉన్నదే తీసుకోండి. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం గదిలోనే 40 డిగ్రీలు దాటితే సెల్ సరిగా నిండదు. వేసవిలో తెల్లవారుజామున ఛార్జి పెట్టుకోవడం మేలు.

సెల్ మీద రాసే అంకెల్ని అన్నిటినీ నమ్మకండి. పెన్సిల్ సైజు నికెల్ మెటల్ హైడ్రైడ్‌లో 2500, 2700 దాకా నిజం. 4000 అని రాస్తే అది అచ్చు ఖర్చు మాత్రమే. ఇప్పుడు అదే సైజులో 1.5 వోల్టుల లిథియం సెల్స్ కూడా వస్తున్నాయి. వాటిని పొరపాటున కూడా ఈ ఛార్జర్‌లో పెట్టకండి. వాటితో వచ్చిన యూఎస్‌బీ తీగో, వాటి సొంత ఛార్జరో వాడాలి. మామూలు ఆల్కలైన్, జింక్ సెల్స్‌కూ ఇదే నిషేధం.

అన్నిటికీ రీఛార్జబుల్ అక్కర్లేదు. గోడ గడియారానికి, టీవీ రిమోట్‌కు ఏడాదికోసారి మార్చే మామూలు సెల్ చాలు. పిల్లల బొమ్మలు, కెమెరా ఫ్లాష్, వైర్‌లెస్ మౌస్, బీపీ మెషీన్ లాంటి చోట్ల ఛార్జి చేసుకునే సెల్ తన డబ్బు తాను రాబడుతుంది. ప్రాణం పోయిన సెల్స్‌ను చెత్తబుట్టలో కలపకండి. 2022లో కేంద్రం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు ఈ చిన్న సెల్స్‌కూ వర్తిస్తాయి. వాటిని విడిగా అప్పగించడం మన వంతు, సేకరించి రీసైకిల్ చేయించడం తయారీదారు వంతు.

సెల్స్ ఎన్నాళ్లు మన్నినా ఎప్పటికైనా మార్చక తప్పదు. మంచి ఛార్జర్ మాత్రం రెండు మూడు విడతల సెల్స్‌ను నింపి పెడుతుంది. చెత్త ఛార్జర్ మేలురకం సెల్స్‌ను కూడా ఏడాది తిరక్కముందే చంపేస్తుంది. చేతిలో డబ్బు తక్కువగా ఉంటే రెండు సెల్స్ తగ్గించి కొనండి గానీ, ఎక్కడ ఆపాలో తెలియని ఛార్జర్‌ను మాత్రం ఉచితంగా ఇచ్చినా ఇంటికి తేకండి.