'లింగ నిర్ధారణ' అనే మాట: క్రీడారచనలో స్త్రీవాద పరిభాష

క్రీడలను గురించిన తెలుగు పరిశోధన వ్యాసాలలో స్త్రీవాద పరిభాష ఒకే మూలం నుంచి రాలేదు. వ్యాకరణం, చట్టం, పత్రికలు మూడూ దానికి మాటలిచ్చాయి. ఆ మూడూ ఒకే పదంలో పెనగులాడుతున్న సందర్భం 'లింగం'.

తెలుగు వ్యాకర్తలకు లింగం శబ్దధర్మం. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) మహత్తు, మహతి, అమహత్తు అనే విభాగాన్ని స్థిరపరచింది. (ఏకవచనంలో మహతి క్రియ అమహత్తుతో కలిసిపోతుంది కనుక, పందెంలో క్రీడాకారిణి అయినా గుర్రం అయినా 'గెలిచింది'.) శరీరభేదాన్నీ సామాజిక భేదాన్నీ రెండు మాటలతో వేరుచేసి చూపిన ఆన్ ఓక్లీ గ్రంథం 1972 నాటిది. తెలుగులో రెండింటికీ లింగమే నిలిచింది. రెండవదానికి 'జెండర్'ను తరువాత అరువు తెచ్చుకున్నాం. సాహిత్య విమర్శలో ఆ అరువు కుదురుకుంది. క్రీడారచనలో కుదురుకోలేదు.

దీని పర్యవసానం 'లింగ నిర్ధారణ పరీక్ష'. 1994 చట్టం తరువాత తెలుగు పాఠకునికి ఈ మాట స్కానింగ్ కేంద్రం గోడమీది హెచ్చరిక. గర్భస్థ శిశువు విషయంలో నేరం. అదే మాటను 1968 ఒలింపిక్స్ నుంచి క్రీడాకారిణులకు మాత్రమే జరిపిన పరీక్షకూ వాడుతున్నాం. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం 1999లో అందరికీ జరిపే పరీక్షను విరమించినా, అనుమానితులను పరీక్షించడం ఆగలేదు. 2014లో ద్యుతీ చంద్‌ను కామన్వెల్త్ క్రీడల జట్టునుంచి తప్పించారు. నిషేధకాలంలో ఆమె హైదరాబాదులో సాధన చేసింది. 2015 జులైలో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఆ నిబంధనను నిలిపివేసింది. ఆ వివాదంలో కొలిచినది టెస్టోస్టిరాన్ పరిమాణం. తేల్చదలచినది పోటీకి అర్హత. దానిని 'లింగ నిర్ధారణ' అని రాసిన స్త్రీవాద వ్యాసం, తాను ఖండించదలచిన వాదాన్నే ముందుగా అంగీకరించినట్లవుతుంది. 'అర్హతా పరీక్ష' అనడమే నయం.

పత్రికల పలుకుబడి మరొక చిక్కు. మహిళల వెయిట్‌లిఫ్టింగ్ తొలిసారి ఒలింపిక్స్‌లో చేరిన 2000లో కరణం మల్లేశ్వరి 69 కిలోల విభాగంలో 240 కిలోలెత్తి కాంస్యం సాధించింది. 'తెలుగింటి ఆడపడుచు' అనే పిలుపులో ఆ బరువు పుట్టింటి గౌరవంగా మారిపోతుంది. ఇటీవలి వ్యాసాలలో దాని స్థానాన్ని 'మహిళా సాధికారత' ఆక్రమించింది. శామీర్‌పేట ప్రాంతపు హకీంపేట క్రీడా పాఠశాలను గురించి గానీ, సమీపంలోని లాల్‌గడి మలక్‌పేట్ బాలికలను గురించి గానీ ఆ మాటతో రాసేవారు, ఊరి మైదానం సాయంత్రం ఎవరి ఆటకు దక్కుతున్నదో, బాలికకు ఇంటిపనినుంచి ఎన్ని గంటలు మిగులుతున్నాయో ముందుగా నమోదు చేయవలసి ఉంటుంది.