చెరువు కట్టినవారు, చెరువు కాచినవారు

కడప జిల్లా పోరుమామిళ్లలో క్రీ.శ. 1369 నాటి చెరువు శాసనం దక్షిణ భారత నీటిపారుదల చరిత్రకు మిగిలిన అమూల్యమైన ఆధారాల్లో ఒకటి. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు, ఉదయగిరిని పాలించిన భాస్కరుడు ఈ చెరువును తవ్వించగా, రోజుకు 1000 మంది కూలీలు, రాయి తోలే 100 బండ్లతో రెండేళ్లపాటు పని సాగిందని అది చెబుతుంది. మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలనూ, కట్టలో నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం వంటి 6 దోషాలనూ అందులోనే వివరించారు.

ఆ పన్నెండింటిలో మనుషులను చెప్పేవి మూడే: ధర్మపరుడైన సంపన్న ప్రభువు, పాథశ్శాస్త్రం, అంటే నీటి శాస్త్రం ఎరిగిన బ్రాహ్మణుడు, కట్టడంలో ఆరితేరిన పనివారు. సంకల్పించేవాడూ, స్థలం నిర్ణయించేవాడూ, పని ముగించేవారూ ఉన్న ఈ పట్టికలో చెరువును ఏటేటా కాచేవాడికి చోటు లేదు. పుత్రుడు, నిధి, దేవాలయం, వనం, అగ్రహారం, కావ్యాలతో పాటు తటాకాన్నీ సప్తసంతానాల్లో, అంటే మనిషి పేరు నిలిపే ఏడింటిలో, లెక్కించిన కాలంలో కీర్తి కట్టించినవాడికే దక్కడం సహజం.

అయితే కాపుదలను ఆ సమాజం మరచిపోలేదు. దానికి ప్రతిఫలం వేరొక రూపంలో ఏర్పరచింది. చెరువు నిర్మించినవారికో, మరమ్మతు భారం వహించినవారికో ఆయకట్టు ఫలసాయంలో పదో వంతునో, పన్ను తగ్గించిన మాన్యాన్నో ఇవ్వడమే దశబంధం. కాకతీయుల నాటికే వాడుకలో ఉన్న ఈ ఏర్పాటు రాయలసీమలో ఆంగ్లేయుల పాలన దాకా కొనసాగింది. ఇక తూము తెరిచి, మూసి, ఏ మడికి ఎంత నీరు పారాలో చూసే నీరుగంటికి, తెలంగాణలో నీరటికి, కళ్లంలో ధాన్యపు మేర ముట్టేది. వానాకాలపు రాత్రి కట్టకు గండి పడకముందే బుంగను కనిపెట్టే ఆ నేర్పు, వేయి మందిని కూడగట్టే సామర్థ్యం కంటే ఏ విధంగానూ తక్కువది కాదు.

పూడిక తీయడం, కట్టకు మట్టి పోయడం వంటి చిన్న పనులకు రైతులు ఇంటికొక మనిషిని పంపే ఆచారాన్ని మద్రాసు రాజధానిలో కుడిమరామత్తు అనేవారు. ఊరి కట్టుబాటుతో నడిచిన ఆ పని సడలిపోగా, దాన్ని నిర్బంధంగా చేయించడానికి 1858లో ప్రభుత్వం చట్టమే తేవలసివచ్చింది.