బెర్రీ పండ్లు, జీవక్రియ: వ్యక్తిభేదాల అధ్యయన చరిత్ర

స్ట్రాబెర్రీ, రాస్ప్‌బెర్రీ, బ్లూబెర్రీ, బిల్‌బెర్రీ వంటి పండ్లను పదిమంది ఒకే మోతాదులో తిన్నా, వాటిలోని పదార్థాలు ఆ పదిమంది రక్తంలోనూ మూత్రంలోనూ ఒకే రూపంలో, ఒకే పరిమాణంలో కనిపించవు. రక్తంలోని చక్కెర మీద, కొవ్వుల మీద వాటి ప్రభావమూ మనిషిని బట్టి మారుతుంది. పోషకాహార శాస్త్రం చాలాకాలం ఈ తేడాను ప్రయోగానికి అడ్డొచ్చే చికాకుగానే చూసి, సగటు కట్టి పక్కన పెట్టింది. ఆ తేడాయే పరిశోధనాంశం కావడం 21వ శతాబ్దంలో జరిగింది.

ఆలోచన మాత్రం కొత్తది కాదు. గాలి తగిలితే మూత్రం నల్లబడే ఆల్కాప్టొన్యూరియా అనే అరుదైన వంశపారంపర్య స్థితిని పరిశీలించిన లండన్ వైద్యుడు ఆర్చిబాల్డ్ గారడ్, ప్రతి మనిషికీ తనదైన రసాయనిక ప్రత్యేకత ఉంటుందని 1902లో సూచించారు. అమెరికన్ జీవరసాయన శాస్త్రవేత్త రోజర్ విలియమ్స్ ఇదే భావం మీద 1956లో ఒక పుస్తకం రాశారు. పండ్ల రసాయనశాస్త్రం మరో దారిలో నడిచింది. నీలి, ఊదా, ఎరుపు వర్ణకాలకు నేడు వాడే ఆంథోసయనిన్ అన్న పేరు 1835లో జర్మన్ రచయిత మార్క్వార్ట్ వాడిన పదం నుంచి వచ్చింది. రిచర్డ్ విల్‌స్టాటర్‌కు 1915 నోబెల్ బహుమతి తెచ్చిన మొక్కల వర్ణకాల పరిశోధనలో ఇవీ భాగమే. పండులో ఏముందో అలా తేలినా, తిన్న తర్వాత దానికి ఏమవుతుందో తేలడానికి చాలా దశాబ్దాలు పట్టింది.

తొలి కొలతలు నిరాశ కలిగించాయి. తిన్న ఆంథోసయనిన్‌లో మూత్రంలో యథాతథంగా దొరికేది నూటికి ఒక వంతు కన్నా తక్కువే. 2013లో బ్రిటన్ పరిశోధకులు ఎనిమిది మంది పురుషులకు, బరువైన కార్బన్‌తో గుర్తుపెట్టిన ఆంథోసయనిన్‌ను 500 మిల్లీగ్రాములు ఇచ్చి, ఆ కార్బన్ ఎక్కడెక్కడ తేలుతుందో మూత్రంలో, మలంలో, ఊపిరిలో వెతికారు. సగటున 44 శాతం దొరికింది. అంటే వర్ణకం మాయం కాలేదు, చిన్న చిన్న అణువులుగా రూపు మార్చుకుంది. అయితే ఆ సగటు కింద, ఒకరిలో 15 శాతం నుంచి మరొకరిలో 99 శాతం దాకా అంతరం ఉంది. ఈ ప్రయోగంలో ఎక్కువసార్లు ఉటంకించేది 44 శాతాన్నే అయినా, ఆసక్తికరమైనది అంతరమే.

వ్యక్తిభేదం అన్నిటికన్నా స్పష్టంగా బయటపడింది యురోలిథిన్ల విషయంలో. స్ట్రాబెర్రీ, రాస్ప్‌బెర్రీ, దానిమ్మ, వాల్‌నట్‌లలో ఎల్లాజిటానిన్లు ఉంటాయి. వీటి నుంచి విడివడే ఎల్లాజిక్ ఆమ్లాన్ని పెద్దపేగులోని బ్యాక్టీరియా యురోలిథిన్లుగా మారుస్తుంది. స్పెయిన్‌లోని ముర్సియాలో ఎస్పిన్, తోమాస్-బార్బెరాన్ బృందం 40 మంది ఆరోగ్యవంతులను నాలుగు జట్లుగా చేసి స్ట్రాబెర్రీలు, రాస్ప్‌బెర్రీలు, వాల్‌నట్లు, ఓక్ పీపాల్లో నిల్వచేసిన రెడ్ వైన్ ఇచ్చింది. 2005లో ప్రచురించిన ఫలితాల్లో ప్రతి జట్టులోనూ ఎక్కువగా విసర్జించేవారు, తక్కువగా విసర్జించేవారు అని రెండు రకాలు కనిపించారు. తేడా తిండిలో కాదు, తిన్నవారిలో ఉందన్నమాట. 2014లో ఇదే బృందం మూడు తరగతులను గుర్తించింది: యురోలిథిన్-ఎ మాత్రమే తయారయ్యేవారు, దానితోపాటు ఐసోయురోలిథిన్-ఎ, యురోలిథిన్-బి కూడా తయారయ్యేవారు, అసలేమీ తయారు కానివారు. ఈ మార్పిడిలో కొంత భాగం చేయగల గోర్డోనిబాక్టర్ అనే బ్యాక్టీరియానూ అదే కాలంలో వేరుచేశారు. ఇలాంటి విభజనకు సోయాలో ముందే ఒక ఉదాహరణ ఉంది. 1932లో గుర్రం మూత్రంలో దొరికిన ఈక్వాల్ అనే పదార్థం, సోయా తిన్నవారిలో కొందరిలోనే తయారవుతుందని 1980లలో బయటపడింది.

చక్కెర, కొవ్వుల విషయం ఇంత తేటగా లేదు. ఫిన్లాండ్‌లో తోర్రొనెన్ బృందం 2010లో బిల్‌బెర్రీ, బ్లాక్‌కరెంట్, క్రాన్‌బెర్రీ, స్ట్రాబెర్రీల గుజ్జును చక్కెరతో కలిపి ఇచ్చినప్పుడు, ఒట్టి చక్కెర ఇచ్చినప్పటికన్నా రక్తంలో గ్లూకోజ్ నెమ్మదిగా పెరిగింది. అది 12 మంది సగటు. 2013లో అదే దేశంలో అధిక బరువున్న మహిళల మీద జరిగిన మరో ప్రయోగం సగటును దాటి చూసింది. బిల్‌బెర్రీలు, లడఖ్‌లోనూ పెరిగే సీ బక్‌తార్న్ పండ్లను వారికి విడతలవారీగా ఇచ్చి, రక్తంలోని జీవక్రియా పదార్థాల తీరును బట్టి వారిని గుండెజబ్బు ముప్పు ఎక్కువ, తక్కువ అని విడదీసి పరిశీలించారు. బిల్‌బెర్రీలు తిన్నాక కొవ్వుల తీరు ముప్పు ఎక్కువున్నవారిలో మెరుగైంది, తక్కువున్నవారిలో అందుకు విరుద్ధంగా మారింది. రెండింటినీ కలిపి సగటు కట్టి ఉంటే ఒకదాన్నొకటి కొట్టేసేవి.

కారణాలు పలు రకాలు. పండులోని పదార్థాలకు ఇతర అణువులను జతచేసే కాలేయ ఎంజైముల జన్యురూపాలు, వయసు, లింగం, శరీర బరువు, రోజువారీ తిండి, మందులు, పేగు బ్యాక్టీరియా అన్నీ లెక్కలోకి వస్తాయి. వీటన్నిటిలో పేగు బ్యాక్టీరియా పాత్రకే గట్టి ఆధారాలున్నాయి. 2014 నుంచి 2018 దాకా ఐరోపా దేశాలు ఈ తేడాల మీదే ఒక ఉమ్మడి పరిశోధన కార్యక్రమం నడిపాయి. యురోలిథిన్ తరగతుల మధ్య పాళ్లు వయసుతో మారుతున్నట్టు స్పెయిన్‌లో వందలమంది మీద చేసిన పరిశీలన తేల్చింది కాబట్టి, తరగతిని పుట్టుకతో వచ్చిన ముద్రగా భావించడం సరికాదు.

వ్యాపారం ఇంకో తోవ పట్టింది. యురోలిథిన్-ఎ పాడైన మైటోకాండ్రియాను తొలగించే ప్రక్రియకు ఊతమిచ్చి నులిపురుగుల ఆయుష్షు పెంచిందని 2016లో స్విట్జర్లాండ్ పరిశోధకులు ప్రకటించాక, ఆ పదార్థమే మాత్రల రూపంలో అమ్మకానికి వచ్చింది. బ్యాక్టీరియాతో పని లేకుండా చేసే ఉపాయం ఇది. నులిపురుగుల్లో కనిపించిన ఆయుష్షు మాత్రం మనుషుల్లో రుజువు కాలేదు.

ఈ రంగంలో తీరని చిక్కు కొలతదే. ఒకే మనిషి ఒకే పండును రెండు వేర్వేరు రోజుల్లో తిన్నా ఫలితం కొంత మారుతుంది. ఒక్కసారి కొలిచి ఇద్దరి మధ్య తేడా ఉందని చెబితే, అది వ్యక్తిభేదమో రోజుభేదమో తెలియదు. అందుకే ఒక్కొక్కరినీ పలుమార్లు పరీక్షించే ప్రయోగాలే ఇక్కడ నమ్మదగిన ఆధారం.